పాత డేనిష్ పేరు పెట్టాలనుకుంటున్నారా? ఆస్ట్రిడ్ నుంచి నీల్స్ దాకా ఏది ఎవరికి నప్పుతుంది

డెన్మార్క్‌లో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో బిడ్డ పుట్టబోతోందంటే పేర్ల చర్చ రెండు భాషల్లో నడుస్తుంది. భార్యాభర్తల్లో ఒకరు డేనిష్ అయితే సరేసరి, ఇద్దరూ తెలుగువాళ్లే అయినా, బిడ్డ పెరిగేది, చదివేది అక్కడే కాబట్టి ఒక పేరైనా ఆ నేలది ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. అలా అనుకున్న ప్రతివాళ్లూ మొట్టమొదట అడిగే ప్రశ్న "ఈ పేరుకి అర్థం ఏంటండీ?" అనే. అర్థం చెప్తాను, పుట్టుపూర్వోత్తరాలూ చెప్తాను. అయితే ఎంచుకునేటప్పుడు అర్థాన్ని మూడో వరసలో పెట్టుకోండి. మొదట చూడాల్సింది, ఆ పేరు వినగానే డేనిష్ మనిషికి ఏ వయసు మనిషి గుర్తొస్తాడన్నది. రెండోది, ఇక్కడ ఊళ్లో ఉన్న నానమ్మ నోరు ఆ పేరుకి తిరుగుతుందా లేదా అన్నది.

అర్థాన్ని ఎందుకు వెనక్కి నెట్టానంటే, వైకింగుల కాలం నాటి పేర్లు చాలావరకు రెండు ముక్కలు అతికించి చేసినవి. దేవుడు, విజయం, ఈటె, యుద్ధం, ఎలుగుబంటి, అందం, ఇలాంటి మాటలు కొన్ని ఉండేవి, వాటిలోంచి ఒకటి ముందూ ఒకటి వెనకా పెట్టి పేరు కట్టేవాళ్లు. తాత పేరులోంచి ఒక ముక్క, అమ్మ పేరులోంచి ఇంకో ముక్క తెచ్చి కలపడం కూడా ఉండేది. కాబట్టి ఆ రెండూ కలిసి ఒక చక్కని వాక్యం అవ్వాలని ఎవరూ చూసుకోలేదు. బోదిల్ అనే ఆడపిల్లల పేరే తీసుకోండి, మొదటి ముక్కకి నివారణ, రెండో ముక్కకి యుద్ధం అని అర్థం, రెండూ కలిపి తాత్పర్యం చెప్పమంటే పండితులైనా తడుముకోవాల్సిందే. నిజానికి డెన్మార్క్‌లో ఆ పేరుకున్న గౌరవం ఆ అర్థం వల్ల వచ్చింది కాదు, ఇద్దరు పెద్ద నటీమణుల వల్ల వచ్చింది. బోదిల్ ఇప్సెన్, బోదిల్ క్యెర్ పేర్ల మీద 1948 నుంచి అక్కడ సినిమా అవార్డులు ఇస్తున్నారు. అంత గౌరవం ఉన్నా తెలుగింట్లో ఆ పేరు పెట్టమని మాత్రం చెప్పను, ఎందుకో మీకు వినగానే అర్థమై ఉంటుంది. బోడి అన్న మాట తెలుగులో ఎలా వాడతామో పాపం డేనిష్ వాళ్లకి తెలియదు కదా.

ఇక వయసు సంగతి. బెంట్, యోర్యన్, కిర్స్టెన్, బియెర్తె, టోర్బెన్, ఇవన్నీ ఇప్పుడు రిటైరైనవాళ్లో, రిటైర్మెంట్‌కి దగ్గరపడినవాళ్లో మోస్తున్న పేర్లు. పసిపిల్లాడికి టోర్బెన్ అని పెడితే తప్పేం లేదు, కాకపోతే క్లాసులో వాడొక్కడే తాతగారిలా వినిపిస్తాడు. విచిత్రం ఏంటంటే ఇంకా పాత పేర్లు మాత్రం ఇప్పుడు కొత్తగా వినిపిస్తాయి. తాతల పేర్లు ముసలివి, ముత్తాతల పేర్లు ముద్దొస్తాయి, అక్కడి లెక్క అది. కోపెన్‌హాగెన్‌లో ఏ డే కేర్‌కైనా పొద్దున్నే వెళ్లి, పిల్లల వాన జాకెట్లు తగిలించే కొక్కేల పైన అంటించిన పేర్లు చదవండి: అల్మా, కార్లా, విగ్గో, ఆల్ఫ్రెడ్, వాల్డెమార్, ఆగ్నెస్. తర్వాత దగ్గర్లో ఉన్న చర్చి శ్మశానంలో నూరేళ్ల కిందటి రాళ్ల మీద చూడండి, అవే పేర్లు. మధ్యలో రెండు మూడు తరాలు వాటిని పక్కన పెట్టేశాయి, ఇప్పుడు మనవల పిల్లలకి తిరిగొచ్చాయి. కాబట్టి "పాత పేరు" అన్నప్పుడు ఎంత పాతదో చూసుకోవాలి, నూరేళ్ల పాతదైతే ధైర్యంగా పెట్టొచ్చు, అరవై ఏళ్ల పాతదైతే కాస్త ఆలోచించాలి.

ఆడపిల్లకైతే

ఎక్కువమంది జాబితాలో ఉండేవి ఆస్ట్రిడ్, ఇంగ్రిడ్, సీగ్రిడ్. మూడింటికీ తోక ఒకటే, అందమైన, ప్రియమైన అని అర్థం వచ్చే పాత నార్స్ మాట అది, నార్స్ అంటే వైకింగులు మాట్లాడిన భాష. తల మాత్రం వేరు. ఆస్ట్రిడ్‌లో ముందున్నది దేవతల వంశాన్ని చెప్పే మాట, ఇంగ్రిడ్‌లో పంటలిచ్చే ఫ్రేయర్ దేవుడికి ఉన్న ఇంకో పేరు, సీగ్రిడ్‌లో విజయం. చూస్తే సీగ్రిడ్‌ది మన విజయలక్ష్మి లాంటి కూర్పే.

ఈ మూడింట్లో నా ఓటు ఆస్ట్రిడ్‌కే. దాని పాత డేనిష్ రూపం ఎస్ట్రిడ్. ఇంగ్లండునీ డెన్మార్క్‌నీ ఏలిన క్నూడ్ మహారాజు చెల్లెలి పేరు అది. ఆమె భర్త ఉల్ఫ్‌ని రోస్కిల్డెలో క్నూడే చంపించాడని చెప్తారు. ఆమె కొడుకు స్వెన్ 1047లో రాజయ్యాడు, రాజ్యం మీద హక్కు తల్లి వైపు నుంచి వచ్చింది కాబట్టి తండ్రి పేరు వదిలేసి తల్లి పేరే పెట్టుకున్నాడు, స్వెన్ ఎస్ట్రిడ్‌సెన్ అని, అంటే ఎస్ట్రిడ్ కొడుకు స్వెన్. గౌతమీపుత్ర శాతకర్ణి కథ వింటూ పెరిగిన మనకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. రోస్కిల్డె పెద్ద చర్చిలో గర్భాలయం చుట్టూ ఉన్న స్తంభాల్లో ఒకదాని లోపల ఈ స్వెన్ అస్థికలు ఉన్నాయి, మరో స్తంభంలో ఉన్నవి తల్లి ఎస్ట్రిడ్‌వని వందల ఏళ్లుగా అనుకుంటూ వచ్చారు. తర్వాత రెండు చోట్ల నుంచీ పంటి నమూనాలు తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ స్త్రీ స్వెన్ తల్లి అయ్యే అవకాశమే లేదని తేలింది. ఎముకలు ఎవరివైనా, రాజవంశం మొత్తానికి ఒక స్త్రీ పేరు నిలిచింది, ఆడపిల్లకి పెట్టే పేరు వెనక ఇంతకన్నా మంచి కథ ఏం కావాలి? పైగా ఈ పేరు అక్కడ అమ్మమ్మలకీ ఉంది, బడిపిల్లలకీ ఉంది, అందుకని ఒక తరానికి కట్టుబడిపోలేదు.

పలకడంలో ఒక చిక్కుంది. చివరి 'డ్' డేనిష్‌లో డ్ లా పలకదు. నాలుక కొనని కింది పళ్లకి ఆనించి మెత్తగా వదిలేస్తారు, మన చెవికి అది ద అనీ అనిపించదు, ల అనీ అనిపించదు. ఇంట్లో నానమ్మ ఎలాగూ "ఆస్ట్రిడు" అనే పిలుస్తుంది, తెలుగులో మాట హల్లుతో ఆగడం ఆవిడకి నచ్చదు. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు, రెండు పలుకులూ బిడ్డకి అలవాటైపోతాయి.

ఇంగ్రిడ్ హుందాగా ఉండే పేరు. 1935లో డెన్మార్క్ యువరాజుని పెళ్లాడి తర్వాత రాణి అయిన ఇంగ్రిడ్ వల్ల దానికి ఇంకా మర్యాద పెరిగింది, ఆవిడ రెండో మార్గరేథె రాణికి తల్లి. వినగానే కాస్త పెద్దావిడ గుర్తొస్తుందేమో గానీ, పైన చెప్పిన నూరేళ్ల లెక్కలో ఇదీ వెనక్కి వస్తున్న పేరే.

సీగ్రిడ్ విషయంలో మాత్రం తెలుగువాళ్లకి ఒక అదృష్టం ఉంది. స్కాండినేవియాలో ఆ పేరుకి ముద్దు రూపం సిరి. అవును, మన సిరే. రికార్డుల్లో సీగ్రిడ్ అని రాయించి ఇంట్లో సిరి అని పిలుచుకుంటే అటు డేనిష్ అత్తగారికీ ఇటు రాజమండ్రి అమ్మమ్మకీ ఎవరి అర్థం వాళ్లకి ఉంటుంది, ఎవరి నోరూ నొప్పి పుట్టదు. 2011లో యాపిల్ ఫోన్లలో సిరి వచ్చాక ఆ పేరు పిలిస్తే ఫోన్ పలుకుతుందన్న ఇబ్బంది ఒకటుంది, అందుకే నేరుగా సిరి అని రాయించడం కన్నా సీగ్రిడ్ అసలు పేరుగా ఉండటం మేలు.

డాగ్‌మార్ గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే డెన్మార్క్‌లో అంత ప్రేమగా తలుచుకునే రాణి పేరు ఇంకోటి లేదు. ఆమె బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) రాజకుమారి, 1205లో రెండో వాల్డెమార్‌ని పెళ్లాడింది, కొన్నేళ్లకే చనిపోయింది. రీబె ఊళ్లో ఆమె మరణశయ్య మీద ఉంటే రాజు గుర్రం మీద పరుగున వచ్చిన కథని జనం పాటగా పాడుకున్నారు, ఇప్పటికీ రీబె చర్చి గంటలు రోజూ మధ్యాహ్నం ఆ పాట వరస వాయిస్తాయి. పేరు పుట్టుక చూస్తే అది డేనిష్ పేరే కాదు, ద్రగోమిరా అనే స్లావ్ పేరు, ప్రియం, శాంతి అనే రెండు మాటల కూర్పు. డేనిష్ వాళ్ల నోట్లో అది డాగ్‌మార్ అయ్యాక, వాళ్ల భాషలో 'డాగ్' అంటే పగలు కాబట్టి, పగటి కన్య అని కొత్త అర్థం కూడా ఇచ్చేసుకున్నారు. పలకడం దాదాపు "డౌమా". అందమైన పేరు, గొప్ప కథ. కానీ బిడ్డ తరచూ ఇండియా వచ్చేదైతే ఇంగ్లిష్ మీడియం పిల్లల మధ్య "డాగ్" అన్న శబ్దం ఎలా పడుతుందో ఆలోచించుకోండి, పిల్లలు ఊరుకోరు. మొదటి పేరుగా వద్దు, అంతగా మనసు పడితే రెండో పేరుగా పెట్టుకోండి.

ఫ్రేయా బాగా నలిగిన పేరు, దేవత పేరు, దొరసాని అని అర్థం. ఒకే క్లాసులో ఇద్దరు ఫ్రేయాలు ఉన్నా ఆశ్చర్యం లేదు. అది మీకు ఇబ్బంది కాకపోతే తెలుగు నోటికి ఇంతకన్నా తేలికైనది దొరకదు. ఇదా కూడా అంతే, అక్కడ "ఈదా" అని పలుకుతారు, మన పురాణాల్లో మనువు కూతురు ఇడ ఉండనే ఉంది. పేరు చివర అచ్చు ఉంటే చాలు, సగం సమస్య తీరినట్టే.

ఇంకొకటి, నన్నా. నార్స్ కథల్లో బాల్డర్ దేవుడి భార్య. అతను చనిపోతే దుఃఖంతో గుండె పగిలి, అతనితోపాటే చితికి చేరిన స్త్రీ. డెన్మార్క్‌లో ఇది చక్కగా వాడుకలో ఉన్న ఆడపిల్లల పేరు. మనవాళ్లు చాలామంది ఇది చూసి నవ్వి పక్కన పెడతారు గానీ, నాకైతే ఇది తీసిపారేసే పేరులా అనిపించదు. "తిను నాన్నా", "పడుకో నాన్నా" అని మనం ఆడపిల్లల్ని పిలవట్లేదా? చిక్కల్లా బడి వయసులో వస్తుంది, ఇంట్లో ఒకే పిలుపుకి తండ్రీ కూతురూ ఇద్దరూ పలుకుతారు. అది మీకు ముచ్చటగా ఉంటే పెట్టేయండి. గిట్టె అనే పేరు మాత్రం, బిర్గిట్టెకి పొట్టి రూపం అది, తెలుగులో ఆవుకో మేకకో ఉండేది గుర్తొస్తుంది కాబట్టి వదిలేయండి. మగపిల్లల పేర్లలో పల్లె కూడా ఇలాంటిదే, అక్కడ మామూలు పేరు, ఇక్కడ ఊరు.

మగపిల్లాడికైతే

నీల్స్, సోరెన్, క్నూడ్, వాల్డెమార్. పోటీ ఈ నాలుగింటి మధ్యే పెడతాను.

క్నూడ్‌కి ఉన్నంత చరిత్ర మిగతా మూడింటికీ కలిపినా లేదు. ముడి అని అర్థం వచ్చే మాట నుంచి వచ్చింది. 1016లో ఇంగ్లండు రాజై, తర్వాత డెన్మార్క్, నార్వేలు కూడా ఏలినవాడు ఒక క్నూడ్. సముద్రాన్ని వెనక్కి పొమ్మన్నాడని గర్వానికి ఉదాహరణగా ఆయన్ని చెప్తారు గానీ, ఇంగ్లండులో ఆ కథని మొదట రాసినవాళ్లు చెప్పింది వేరు, భజన చేసే దర్బారు మనుషులకి రాజు శక్తి ఎంతలో ఆగిపోతుందో చూపించడానికే ఆయన అలల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకో క్నూడ్‌ని 1086లో ఓడెన్సెలో తిరగబడ్డ జనం చర్చి లోపలే చంపేశారు, తర్వాత ఆయన్ని సెయింట్ చేశారు, అస్థికలు అక్కడి చర్చిలో ఇప్పటికీ చూడొచ్చు. ఆర్కిటిక్ మంచులో కుక్కబళ్ల మీద వేల మైళ్లు తిరిగిన క్నూడ్ రాస్ముసెన్ ఒకాయన. కథలు ఇన్ని ఉన్నా మొదట్లో 'క్న', చివర ఆ మెత్తటి డ్, రెండూ మన నోటికి కష్టమే. విన్న డేనిష్ వాళ్లకి ఇప్పటికీ ఎక్కువగా తాతగారే గుర్తొస్తారు. మీ ఆయన తాత పేరు క్నూడ్ అయితే తప్పకుండా పెట్టండి. అలాంటి కారణం లేకపోతే వద్దు.

ఈ తాత పేరు పెట్టడం అనేది వాళ్లకీ మనకీ ఒకటే. పాతరోజుల్లో డెన్మార్క్ పల్లెల్లో మొదటి కొడుక్కి తండ్రి తరఫు తాత పేరు, రెండోవాడికి తల్లి తరఫు తాత పేరు, ఆడపిల్లలకీ ఇదే వరస. భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే, కొత్త కాపురంలో పుట్టిన మొదటి మగపిల్లాడికి చనిపోయిన మొదటి భర్త పేరు పెట్టేవాళ్లట. కొత్త భర్త దాన్ని తప్పుగా తీసుకునేవాడు కాదు, అది మర్యాద.

సోరెన్ లాటిన్ సెవెరినుస్ నుంచి వచ్చింది, కఠినుడు, గంభీరుడు అని అర్థం. లాటిన్ పేరు ఇంత గుర్తుపట్టలేనంతగా అరిగి డేనిష్ అయిపోయింది కాబట్టే అది అచ్చమైన డేనిష్ పేరుగా ప్రపంచమంతా తెలుసు, 1813లో కోపెన్‌హాగెన్‌లో పుట్టిన తత్త్వవేత్త కీర్కెగార్డ్ వల్ల ఇంకా తెలుసు. తెలుగువాళ్లకి ఇందులో మూడు ఇబ్బందులున్నాయి. అందులో ఉన్న ఓ మన ఓ కాదు, పెదాలు గుండ్రంగా పెట్టి ఏ అనాలి. అడ్డగీత ఉన్న ఆ అక్షరం ఇండియా ఫారాల్లో ఎక్కదు, పాస్‌పోర్టు కింద మెషీన్ చదివే వరసల్లో దాన్ని ఓ, ఈ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలుగా రాస్తారు, దాంతో టికెట్ మీద ఒకలా, బర్త్ సర్టిఫికెట్ మీద ఒకలా కనిపించి ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాలి. మూడోది, సైతాను పేరు ఎత్తకుండా విసుక్కోవడానికి డేనిష్‌లో "ఫో సోరెన్!" అంటారు, చిన్న తిట్టే అనుకోండి. పైగా ఇది ఇప్పుడు నాన్నల వయసు వాళ్ల పేరు.

వాల్డెమార్ కథ నాకు చాలా ఇష్టం. మొదటి వాల్డెమార్ 1131 జనవరిలో పుట్టాడు, వారం ముందే తండ్రిని దాయాది చంపేశాడు. తల్లి కీవ్ రాజకుటుంబం ఆడపడుచు, బిడ్డకి తన తాత వ్లాదిమిర్ పేరు పెట్టింది, అదే డేనిష్ నోట్లో వాల్డెమార్ అయింది. ఆ బిడ్డే తర్వాత రాజై దేశాన్ని నిలబెట్టాడు. అతని కొడుకు రెండో వాల్డెమార్ 1219 జూన్ 15న ఎస్టోనియాలో యుద్ధం చేస్తుంటే ఆకాశం నుంచి డేనిష్ జెండా పడిందని ఐతిహ్యం, ఇప్పటికీ జూన్ 15 అక్కడ వాల్డెమార్ రోజు, ఊరంతా జెండాలు ఎగరేస్తారు. అంటే చూడండి, జెండా కథలో ఉన్న రాజు పేరూ, గంటల పాటలో ఉన్న అతని రాణి డాగ్‌మార్ పేరూ రెండూ బయటి నుంచి వచ్చినవే. డేనిష్ పేరుకి డేనిష్ పుట్టుకే ఉండాలన్న పట్టింపు వాళ్లకే లేదు, మీరూ పెట్టుకోకండి. పేరు ఇప్పుడు మంచి వాడుకలో ఉంది, మనవాళ్లు కూడా కాస్త సాగదీసి బాగానే పలుకుతారు. పొడవు మాత్రం ఎక్కువే.

అయినా నన్ను ఒక్కటే చెప్పమంటే నీల్స్ అంటాను. నికొలాస్ అనే గ్రీకు పేరు, జనవిజయం అనే అర్థం, అరిగి అరిగి ఇంత పొట్టిదైంది. 1104లో రాజైనవాడి పేరు ఇది, మధ్యలో ఏ శతాబ్దంలోనూ పూర్తిగా పోలేదు. డెన్మార్క్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇంటిపేర్లలో నీల్సెన్ ఒకటి, అంటే నీల్స్ కొడుకు, అక్కడి ప్రతి వీధిలో ఈ పేరు ఇంటిపేరుగానైనా వినిపిస్తుంది. మనకైతే పరిచయం చేయనక్కర్లేదు, ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ చదివిన ప్రతివాళ్లూ నీల్స్ బోర్ పరమాణు నమూనా బట్టీ పట్టినవాళ్లే. ఇంట్లో నీలూ అని పిలుచుకోవచ్చు. ఫారాల్లో ఏ అక్షరమూ ఇబ్బంది పెట్టదు.

క్రిస్టియన్, ఫ్రెడెరిక్ నేను పోటీలో పెట్టలేదు. 1513 నుంచి డెన్మార్క్ రాజులంతా ఈ రెండు పేర్లతోనే మార్చి మార్చి వస్తున్నారు, మధ్యలో ఒక్క రెండో మార్గరేథె తప్ప. 2024 జనవరి 14న గద్దెనెక్కింది పదో ఫ్రెడెరిక్, యువరాజు క్రిస్టియన్. బెంగాల్లోని శ్రీరాంపూర్ డేనిష్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు దానికి ఫ్రెడెరిక్స్‌నగర్ అని పేరు కూడా పెట్టారు. మంచి పేర్లే, అయితే యూరప్‌లో ఎక్కడైనా దొరుకుతాయి.

కాగితాలూ, నక్షత్రమూ

బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు పేరు నమోదు చేయాలి. అనుమతి ఉన్న పేర్ల జాబితాలు ప్రభుత్వమే ఇస్తుంది, ఆడపిల్లలకి, మగపిల్లలకి, ఇద్దరికీ వాడే పేర్లకి విడివిడిగా. పైన చెప్పినవి అక్కడ తరతరాలుగా ఉన్న పేర్లు కాబట్టి వాటితో గొడవ రాదు. తెలుగు పేరు జాబితాలో లేకపోతే దరఖాస్తు పెట్టుకుని అనుమతి తెచ్చుకోవచ్చు, అది మాత్రం బారసాల దాకా ఆగకుండా ముందే చూసుకోండి. డేనిష్ వాళ్లలో రెండు మూడు పేర్లు కలిపి పెట్టడం మామూలే, బోర్ పూర్తి పేరు నీల్స్ హెన్రిక్ డేవిడ్ బోర్. కాబట్టి ఆస్ట్రిడ్ లక్ష్మి అనో, నీల్స్ ఆదిత్య అనో రాయిస్తే ఎవరికీ వింతగా ఉండదు.

నక్షత్రం అక్షరం కావాలనే పట్టుదల ఇంట్లో ఉంటే కంగారు పడకండి. కృత్తిక మొదటి పాదానికి అ, రోహిణి రెండో పాదానికి వా, అనూరాధ రెండో పాదానికి నీ, శతభిషం మూడో పాదానికి సీ. ఆస్ట్రిడ్, వాల్డెమార్, నీల్స్, సీగ్రిడ్ వరసగా సరిపోయాయి కదా.

ఇద్దరూ తెలుగువాళ్లై, డేనిష్ పేరు బడికోసమే అనుకుంటే సీగ్రిడ్ పెట్టి సిరి అని పిలవండి, అబ్బాయైతే నీల్స్. ఒకరు డేనిష్ అయితే ముందు వాళ్ల ముత్తాత, ముత్తవ్వల పేర్లు అడిగి రాసుకోండి, అందులో ఆస్ట్రిడ్ గానీ వాల్డెమార్ గానీ తగిలితే ఇంకేం వెతకొద్దు. డెన్మార్క్ గణాంక శాఖ సైట్‌లో పేరు కొడితే ఆ పేరుతో దేశంలో ఎంతమంది ఉన్నారో వస్తుంది, అదీ ఒకసారి చూడండి. ఇక ఖాయం చేసే ముందు, ఊళ్లో ఉన్న పెద్దావిడకి ఫోన్ చేసి ఆ పేరు నాలుగుసార్లు గట్టిగా పిలిపించండి.